జనవరి ఒకటికి అటూ ఇటూ

హైదరాబాద్‌లో చైతన్యపురి మెట్రో స్టేషన్ మెట్లు దిగి కొత్తపేట వైపు నడుస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా కనిపించే మాట ఒక్కటే: కటాఫ్. గ్రూప్స్ కటాఫ్, ఎస్సై కటాఫ్, డీఎస్సీ కటాఫ్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలన్నీ ఆ మాట మీదే బతుకుతాయి. ఆ ఫ్లెక్సీల వెనక ఓ సందులో, రేకుల కప్పు కింద, కుస్తీ హాలు ఉంది. అక్కడా అదే మాట వినిపిస్తుంది. అక్కడిది మార్కుల కటాఫ్ కాదు, పుట్టినరోజు కటాఫ్. మార్కులైతే రాత్రింబవళ్లు చదివి పెంచుకోవచ్చు. పుట్టినరోజును ఏ పిల్లవాడూ మార్చుకోలేడు. మారుస్తున్నది పెద్దవాళ్లు.

హాలు తలుపు పక్కన సున్నం వేసిన సిమెంటు స్తంభం ఉంది. దాని నిండా పెన్సిల్ గీతలు. ఒక్కో గీత పక్కన ఒక పేరు, ఒక నెల. నెలకో ఆదివారం కోచ్ పిల్లలందరినీ వరసగా ఆ స్తంభానికి వీపు ఆనించి నిలబెడతాడు. నెత్తిమీద స్కేలు పెట్టి గీత గీస్తాడు. ఎందుకని అడిగితే ఆయన చెప్పింది ఇది: "కాంటా బరువు చెప్తది సార్. కాయితం తారీకు చెప్తది. పోరడు నిజంగ ఎంత ఎదిగిండో చెప్పేది ఈ కంబమే."

ఆ గీతల్లో మా చెల్లెలి కొడుకువి కూడా ఉన్నాయి. మూడేళ్లుగా అక్కడే నేర్చుకుంటున్నాడు. వాడు పుట్టింది 2009 డిసెంబర్ 30న. బడిలో వాడి బెంచీ మీద కూర్చునే దోస్తు పుట్టింది 2010 జనవరి మొదటి వారంలో. ఇద్దరికీ వారం తేడా. ఇద్దరిదీ పదో తరగతే, ఇద్దరూ 48 కిలోల వాళ్లే. రోజూ ఒకరి మెడ ఒకరు పట్టుకునే ప్రాక్టీసు చేస్తారు. 2025లో సెలక్షన్లకు వెళ్తే దోస్తును అండర్-15 వరసలో నిలబెట్టారు, మావాణ్ని అండర్-17లో. ఆ దోస్తు తన వరసలో అందరికంటే పెద్దవాడు. మావాడు తన వరసలో అందరికంటే చిన్నవాడు. మావాడి ఎదుట నిలబడ్డ కుర్రాడికి మీసాలు వచ్చేసి ఉన్నాయి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పది పాయింట్ల తేడా రాగానే రిఫరీ కుస్తీ ఆపేశాడు.

ఆ కుర్రాడు మోసం చేయలేదు, అది ముందే చెప్పాలి. అతను 2008 జనవరిలో పుట్టాడు, నిబంధన ప్రకారం అక్కడే ఉండాలి. మావాడూ నిబంధన ప్రకారమే అక్కడ ఉన్నాడు. ఇద్దరి మధ్యా దాదాపు రెండేళ్ల తేడా ఉంది. ఆ వయసులో రెండేళ్లంటే ఒక జన్మంత.

ఒకే కాంటా, రెండు శరీరాలు

ప్రపంచ కుస్తీని నడిపే యునైటెడ్ వరల్డ్ రెజ్లింగ్ పిల్లల్ని పుట్టిన సంవత్సరాన్ని బట్టి విడదీస్తుంది. పోటీ జరిగే ఏడాదిలో 14, 15 నిండేవాళ్లు అండర్-15. 16, 17 నిండేవాళ్లు అండర్-17. 18 నుంచి 20 వరకు అండర్-20. డాక్టరు సర్టిఫికెట్, తల్లిదండ్రుల సమ్మతి ఉంటే ఒక ఏడాది చిన్నవాళ్లను పై వర్గంలోకి రానిస్తారు. పెద్దవాళ్లు మాత్రం కిందికి దిగకూడదు. నెలా తేదీ ఎవరూ చూడరు, సంవత్సరమే లెక్క. అందుకే డిసెంబర్ 31 రాత్రి పన్నెండుకు అటు పుట్టినవాడు, ఇటు పుట్టినవాడు వేరువేరు మ్యాట్ల మీదికి వెళ్లాల్సి రావచ్చు.

స్కూల్ గేమ్స్‌లో ఈ గీతలు వేరే చోట ఉంటాయి. అక్కడ 14, 17, 19. ఆ లెక్కన మావాడూ వాడి దోస్తూ ఒకే వర్గంలో పడతారు. అంటే ఒకే ఏడాదిలో, ఒకే 48 కిలోల దగ్గర, ఒక పోటీలో ఇద్దరూ సమానులు, ఇంకో పోటీలో కారు. దీనికి తోడు జిల్లా గీత ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూసారాంబాగ్ వైపు వెళ్తే హైదరాబాద్ జిల్లా, కొత్తపేట వైపు వస్తే రంగారెడ్డి. ఇన్ని గీతల మధ్య నిలబడ్డ పిల్లవాడు "నేనెవరితో ఆడాలి మామా?" అని అడిగితే నేను కాగితం పెన్ను తీసుకుని లెక్క వేయాల్సి వచ్చింది.

బరువు ఒకటే అయినప్పుడు వయసుతో పనేమిటని చాలామంది అంటారు. కుస్తీలో బరువు వర్గాలున్నది అందుకే కదా అని. నాకూ మొదట అలాగే అనిపించింది. ఆ అనుమానాన్ని తీర్చింది కోచ్ చెప్పిన ఒక్క మాట: "ఇద్దరూ నలభై ఎనిమిదే సార్. గానీ ఒకనిది పొడుగు పెరిగిన నలభై ఎనిమిది, ఇంకోనిది కండ పట్టిన నలభై ఎనిమిది."

మగపిల్లల ఎత్తు అన్నిటికంటే వేగంగా పెరిగేది సగటున 14 ఏళ్ల ప్రాంతంలో. ఆడపిల్లలకు 12 ప్రాంతంలో. అది సగటు మాత్రమే. ఒక పిల్లవాడికి ఆ ఎదుగుదల పన్నెండున్నరకే రావచ్చు, పక్కవాడికి పదహారుకు గానీ రాకపోవచ్చు. ముందు ఎముక పొడుగవుతుంది, కండ ఆ తర్వాత నిండుతుంది. ఆ మధ్యకాలంలో పిల్లవాడు కాళ్లూ చేతులూ తనవి కానట్టు తడబడతాడు. నిన్నటిదాకా బాగా పట్టిన పట్టు ఇవాళ జారిపోతుంది. ఎదుటివాడు ఆ దశ దాటేసి ఉంటే, కాంటా మీద ముల్లు ఒకే చోట ఆగినా మ్యాట్ మీద ఇద్దరూ ఒకటి కారు. అంటే పుట్టిన సంవత్సరం కూడా పూర్తి నిజం చెప్పదు. వయసు వర్గం, బరువు వర్గం రెండూ కలిపినా పిల్లవాడి శరీరంలో సగమే కొలిచినట్టు.

ఎదుగుదల సంగతి అలా ఉంచితే, పుట్టిన నెల ప్రభావాన్ని మొదట గట్టిగా పట్టుకున్నది కెనడాలో. రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు 1985లో అక్కడి ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు లెక్కబెట్టారు. పెద్ద స్థాయికి చేరినవాళ్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి పిల్లలే ఎక్కువ తేలారు. అక్కడి కటాఫ్ కూడా జనవరి ఒకటే. జనవరి పిల్లవాడు తన జట్టులో పెద్దవాడు కాబట్టి ముందుగా ఎంపికవుతాడు. ఎంపికయ్యాడు కాబట్టి మంచి కోచ్ దొరుకుతాడు, ఎక్కువ మ్యాచ్‌లు ఆడతాడు. నాలుగేళ్లు గడిచేసరికి నిజంగానే మెరుగైన ఆటగాడవుతాడు. డిసెంబర్ పిల్లవాడు ఈలోగా ఆట మానేసి ఉంటాడు. కాబట్టి వాడిలో ఎంత సత్తా ఉండేదో ఎవరికీ తెలియదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఓడిపోయిన పిల్లవాడు కళ్లముందు ఏడుస్తాడు, ఓదార్చవచ్చు. మానేసిన పిల్లవాడు ఏ పట్టికలోనూ కనిపించడు.

కొబ్బరికాయ కుస్తీ

నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల ఊళ్లలో జాతర కుస్తీలు చూసినవాళ్లకు ఇంకో పద్ధతి తెలుసు. పొద్దుగూకే ముందు మట్టి తవ్వి గుల్ల చేసిన బరిలో మొదట చిన్నపిల్లలు దిగుతారు. గెలిచినవాడికి కొబ్బరికాయ. అక్కడి నుంచి పందెం పెరుగుతూ పోయి ఆఖరి కుస్తీకి వెండి కడెం దాకా వెళ్తుంది. అక్కడ ఎవరి చేతిలోనూ బర్త్ సర్టిఫికెట్ ఉండదు, కాంటా ఉండదు. ఊరి పెద్దమనిషో, పాత పైల్వానో ఇద్దరు పోరగాళ్లను పక్కపక్కన నిలబెట్టి భుజాలు చూస్తాడు, మెడలు చూస్తాడు, మణికట్టు పట్టి చూస్తాడు. జోడు కుదిరిందంటే కుస్తీ. లేదంటే "నువ్వు ఆగు బిడ్డా, నీ జోడు వస్తడు" అని పక్కన కూర్చోబెడతాడు.

ఆ పద్ధతిని నేను ఆకాశానికెత్తడం లేదు. పెద్దమనిషి కంటికి తనవాడు ఎప్పుడూ చిన్నగానే కనిపించవచ్చు, పైగా ఆడపిల్లలకు ఆ బరిలో చాలాకాలం చోటే లేదు. పాతబస్తీ తాలీంల నుంచి కుస్తీ మ్యాట్ మీదికి వచ్చి, రూలు పుస్తకం వచ్చి, కొత్తపేట సందులోని పిల్ల కూడా సింగ్లెట్ వేసుకుని నిలబడగలుగుతోందంటే అది ఆ గీతల పుణ్యమే. గీత ఉండాలి. అయితే ఆ పైల్వాను చూసిన భుజాన్నీ మెడనూ మన గీత చూడటం లేదు. ఆ స్తంభం మీద పెన్సిల్ గీతలు గీస్తున్న కోచ్ అదే పాత కంటిని ఈ హాల్లోకి తెచ్చుకున్నాడనిపించింది.

నాలుగు రోజుల బేరం

మావాడు ఓడిన వారానికి మా చెల్లెలు ఫోన్ చేసింది. ఎల్బీనగర్ వైపు ఓ జిరాక్స్ షాపులో ఎవరో ఆమెతో అన్నాడట: "నాలుగు రోజులే గద అక్కా. జనవరి మూడు అని తీస్తే పిల్లగాని ఏడాది మిగులుతది." చెల్లెలి గొంతులో ఆశ, భయం రెండూ ఉన్నాయి. "అన్నా, నాలుగు రోజులే గదనే. ఎవలకు నష్టం?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నా పుట్టినరోజే నిజం కాదు. నా సర్టిఫికెట్లలో జూన్ అని ఉంటుంది. మా అమ్మ లెక్కలో నేను సద్దుల బతుకమ్మ తెల్లారి పుట్టాను. బడిలో చేర్చుకునే రోజున సారు ఐదేళ్లు నిండేలా ఒక తారీకు రాసేశారు. మా తరంలో తెలుగు ఊళ్లలో సగం మంది జూన్, జులైలలోనే పుట్టినట్టు కనిపించడానికి కారణం అదే. ఆ అబద్ధంలో దురాశ లేదు, నష్టపోయినవాడూ లేడు. ఆ అలవాటు వల్లే తారీకు మార్చడం మనకు తప్పుగా తోచదేమో.

కానీ ఇక్కడ నష్టపోయేవాడున్నాడు. మావాడు అండర్-15లోకి దిగితే ఆ జాబితాలోంచి ఇంకో తల్లి కొడుకు బయటికి పోతాడు. ఆ మాటే చెల్లెలితో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "వద్దులే అన్నా" అంది. ఆ రెండు మాటలు అనడానికి ఆమె ఎంత వదులుకుందో నాకు తెలుసు.

జనన నమోదు చట్టం 1969 నాటిది. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో చేస్తారు. ఏడాదిలోపైతే అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. నల్లగొండ నుంచో, ఖమ్మం నుంచో బతుకుదెరువుకు వచ్చి ఎల్బీనగర్ చుట్టుపక్కల కాలనీల్లో స్థిరపడ్డ కుటుంబాలకు ఈ ఆలస్యపు దారి నిజంగా అవసరం. ఇంట్లో కాన్పయిన పిల్లకు, ఊరు మారిన పిల్లవాడికి వేరే దారి లేదు. ఆ దారినే వయసు దొంగలూ వాడుకుంటున్నారు. 2025 ఆగస్టులో భారత కుస్తీ సమాఖ్య నకిలీ జనన పత్రాలు ఇచ్చారని 11 మంది రెజ్లర్లను సస్పెండ్ చేసింది. అప్పుడు పరిశీలనకు వచ్చిన 110 పత్రాల్లో 95 తానే జారీ చేసినవని ఢిల్లీ నగరపాలక సంస్థ చెప్పింది. అయితే అవన్నీ మెజిస్ట్రేటు ఉత్తర్వులతో జరిగిన ఆలస్యపు నమోదులే. ముద్ర అసలుది, సంతకం అసలుది. తారీకు నిజమా కాదా అన్నదే తేలాలి. మన హైదరాబాద్‌లోనూ 2023లో జీహెచ్ఎంసీ వేల సంఖ్యలో జనన, మరణ పత్రాలను రద్దు చేయాల్సి వచ్చింది. సరైన ఆధారాలు జత చేయకుండానే అవి ఆన్‌లైన్లో మంజూరైపోయాయి. వాటికి ఆటలతో సంబంధం లేదు. కానీ కాగితం ఎంత సులువుగా పుడుతుందో అవి చెబుతాయి.

2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు పుట్టిన తేదీ రుజువుగా జనన పత్రం ఒక్కటే చెల్లుతుందని చట్టం మార్చారు. మంచిదే. ఆ పిల్లల్లో మొదటివాళ్లు మామూలు లెక్కన అండర్-15 మ్యాట్ ఎక్కేది 2037లో. అప్పటిదాకా ఏం చేద్దాం?

ఎముకను అడుగుదామంటారు. వయసు మోసాల మీద మన దేశంలో 2010 నుంచే జాతీయ నియమావళి ఉంది, వైద్య పరీక్షలు ఉన్నాయి. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల మధ్య ఖాళీలు ఎంత పూడాయో చూస్తారు. క్రికెట్ బోర్డు కూడా వాడే టీడబ్ల్యూ-3 పద్ధతి 13 ఎముకలకు మార్కులు వేస్తుంది. మార్కులు నిండితే ఎముక ఎదగడం పూర్తయినట్టు. ఆ పద్ధతిలో మగపిల్లలకు అది పదహారున్నర ఏళ్లకు సమానం, ఆడపిల్లలకు పదిహేనుకు. అంటే 17 ఏళ్లవాడికీ 20 ఏళ్లవాడికీ తేడా ఆ ఎక్స్‌రే చెప్పలేదు. ఎముక పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ కావచ్చని సుప్రీంకోర్టు 1982లోనే జయమాల కేసులో గుర్తించింది. ఎముక ఎదుగుదల చెబుతుంది, పుట్టినరోజు చెప్పదు. తొందరగా ఎదిగిన నిజాయితీపరుడైన పిల్లవాణ్ని ఆ ఎక్స్‌రే దొంగను చేయగలదు. ఫుట్‌బాల్ వాళ్లు 2009 నుంచి అండర్-17 ప్రపంచకప్‌లో మణికట్టుకు ఎమ్మారై వాడుతున్నారు. కొత్తపేట సందులోని పిల్లవాడికి ఎమ్మారై ఎవరు తీయిస్తారు?

ఈ మోసంలో నాకు అన్నిటికంటే ఘోరంగా తోచేది పతకం పోవడం కాదు. పదేళ్ల పిల్లవాణ్ని కూర్చోబెట్టి కొత్త పుట్టినరోజు బట్టీ పట్టిస్తారు. అడిగితే ఇదే చెప్పాలి అంటారు. ఆ రోజు నుంచి వాడు తన అసలు పుట్టినరోజున కేకు కోయడానికి కూడా భయపడతాడు. నేరం చేసింది తండ్రో, దళారో, కోచో. నిషేధం పడేది పిల్లవాడి మీద. 2025 మార్చిలో క్రీడా శాఖ తెచ్చిన ముసాయిదాలో మొదటి తప్పుకు రెండేళ్లు, రెండోసారికి జీవితకాలం నిషేధం అన్నారు. కోచ్‌లనూ అధికారులనూ వదలబోమన్నారు. ఆ రెండో భాగం అమలయినప్పుడే నేను నమ్ముతాను.

వయసు గీత దాటలేనివాళ్లు బరువు గీతను దొడ్డిదారిన దాటాలని చూస్తారు. అండర్-17లో 48 గట్టిగా ఉందంటే 45కు దిగమంటారు. పిల్లవాడు నీళ్లు మానేస్తాడు, ఎండలో స్వెట్టర్ వేసుకుని పరుగెత్తుతాడు. 1997లో అమెరికాలో ఇలా బరువు దించుకుంటూ ముగ్గురు కాలేజీ రెజ్లర్లు దాదాపు నెల రోజుల వ్యవధిలో చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ ఒంట్లో నీటి శాతం పరీక్షలు వచ్చాయి. పారిస్‌లో వినేశ్ ఫోగట్‌కు వంద గ్రాములు ఏం చేశాయో మన ఇళ్లలో అందరూ చూశారు. ఆమె పెద్దామె, తన శరీరం మీద తనే నిర్ణయం తీసుకోగలదు. పద్నాలుగేళ్ల పిల్ల తీసుకోలేదు.

పోయిన ఏడాది మళ్లీ రాదు

2023 డిసెంబర్ గుర్తుందా? ఆ ఏడాది మహిళా రెజ్లర్లు ఢిల్లీలో జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నారు. లైంగిక వేధింపుల మీద వాళ్లు చేసిన ఫిర్యాదు చిన్నది కాదు, వాళ్లు కూర్చోవడం న్యాయమే. సమాఖ్య వ్యవహారాలు స్తంభించి చిన్నపిల్లల జాతీయ పోటీలు ఆగిపోయాయి. డిసెంబర్ 21న సమాఖ్యకు ఎన్నికలు జరిగాయి. గెలిచిన కొత్త అధ్యక్షుడు వెంటనే, అండర్-15, అండర్-20 జాతీయ పోటీలు డిసెంబర్ 28 నుంచి 30 వరకు ఉత్తరప్రదేశ్‌లోని గోండాలో అని ప్రకటించారు. అంత తొందర ఎందుకంటే జనవరి ఒకటి వస్తే పిల్లల ఏడాది పోతుందన్నారు. ముందస్తు నోటీసు లేదు, నిబంధనలు పాటించలేదు అంటూ 24న క్రీడా శాఖ సమాఖ్యను సస్పెండ్ చేసింది. 2024 జనవరి 3న వందలాది జూనియర్ రెజ్లర్లు అదే జంతర్‌మంతర్‌కు వచ్చి మా ఏడాది పోయిందని మొరపెట్టుకున్నారు.

ఆ వివాదంలో ఎవరు ఎవరి వెనక ఉన్నారన్న చర్చ వేరు. పిల్లల లెక్క మాత్రం నిజం. 2008లో పుట్టినవాడికి అండర్-15లో 2023 ఆఖరి ఏడాది. 2003లో పుట్టినవాడికి అండర్-20లో అదే ఆఖరిది. పెద్దల పోటీ వాయిదా పడితే వచ్చే నెలలో ఆడతారు. పిల్లల పోటీ డిసెంబర్ దాటిందంటే ఆ వయసే దాటిపోతుంది. అలాంటప్పుడు కనీసం మూడు నెలలు గీతను జరపడానికి నిబంధనలో వెసులుబాటు ఎందుకు ఉండకూడదు?

గీతను జరపడం అసాధ్యమేమీ కాదు. ఓటు హక్కునే చూడండి. జనవరి ఒకటికి 18 నిండితేనే ఓటు అన్న గీత మన దగ్గర దశాబ్దాలు నడిచింది. జనవరి రెండున పుట్టినవాడు ఏడాదంతా ఆగేవాడు. 2021లో చట్టం సవరించి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగింటినీ గీతలుగా పెట్టారు. ఇంత పెద్ద దేశపు ఓటరు జాబితా ఆ మార్పును తట్టుకుంది. జిల్లా కుస్తీ పోటీ తట్టుకోలేదా? ప్రపంచ పోటీలకు ప్రపంచ నిబంధనే పాటించాలి, సరే. జిల్లా, రాష్ట్ర స్థాయి అండర్-15లో మాత్రం ఏడాదికి రెండు సెలక్షన్లు పెట్టి, ఒకదానికి జనవరి గీత, ఇంకోదానికి జులై గీత వాడవచ్చు. జులై పోటీలో మావాడూ వాడి దోస్తూ ఒకే వరసలో ఉంటారు. ఈసారి గీతకు అటూ ఇటూ పడేది వేరే పిల్లలు. అన్యాయం పూర్తిగా పోదు, కానీ ఎప్పుడూ ఒకే నెల పిల్లల మీదే పడదు.

నార్వేలో ఇంకా ముందుకెళ్లారు. అక్కడ పదకొండేళ్లలోపు పిల్లలకు ఫలితాల జాబితాలు, ర్యాంకులు ఉండవు. పదమూడేళ్ల దాకా జాతీయ చాంపియన్‌షిప్ లేదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అకాడమీలు అప్పుడప్పుడూ పిల్లల్ని వయసును బట్టి కాకుండా, పెద్దయ్యాక ఎంత ఎత్తుకు చేరతారో అంచనా వేసి అందులో ఇప్పటికి ఎంత శాతం ఎదిగారో చూసి జట్లు కడతాయి. మన కోచ్ స్తంభం మీద చేస్తున్నది అదే. ఆయన దగ్గర కంప్యూటర్ లేదు, పెన్సిల్ ఉంది.

ఇంకో సంగతి గట్టిగా అనాలి. తారీకు మార్చే తల్లిదండ్రుల్ని తిట్టడం తేలిక. వాళ్లు పతకం కోసం మారుస్తున్నారా? ఈ రోడ్డు మీద నిలబడి చూస్తే అర్థమవుతుంది. పోలీసు ఉద్యోగానికి, ఇతర కొలువులకు 2 శాతం క్రీడా కోటా ఉంది. కాలేజీ సీట్లలో ఉంది. చిన్నప్పటి ఒక సర్టిఫికెట్ పదేళ్ల తర్వాత ఇల్లు నిలబెట్టవచ్చని ఆటో నడిపే తండ్రి ఆశపడతాడు. ఆ ఆశ తప్పు కాదు. పద్నాలుగేళ్ల పిల్లల పోటీ మీద అంత బరువు మోపడమే తప్పు. అండర్-15 సర్టిఫికెట్‌కు కోటాలో విలువ లేకుండా చేసి, ఆ విలువను అండర్-20కి, సీనియర్స్‌కి ఇస్తే జిరాక్స్ షాపు బేరం చాలావరకు దానంతటదే పడిపోతుంది.

మొన్న నెల మొదటి ఆదివారం హాలుకు వెళ్లాను. మావాడూ వాడి దోస్తూ చెమటలు కక్కుతూ మ్యాట్ దిగి వచ్చారు. కోచ్ స్కేలు తీశాడు. ముందు దోస్తును నిలబెట్టి గీశాడు. పాత గీత మీదే కొత్త గీత పడింది. తర్వాత మావాణ్ని ఆనించాడు. మూడు నెలల కిందటి గీతకు రెండు వేళ్ల పైన పెన్సిల్ ఆగింది. కోచ్ ఆ రెండు గీతల మధ్య వేలు పెట్టి చూసి, "ఇప్పుడే మొదలైంది రా నీకు. ఆర్నెల్లు పట్లు జారుతయి, భయపడకు. మంచిగ తిను, ఇంకెక్కువ నిద్రపో" అన్నాడు. పక్కన నెల పేరు రాశాడు. దోస్తు వెనక్కి తిరిగి తన గీతనూ వాడి గీతనూ చూసి, "మామా, వీడు నన్ను దాటేసిండు" అన్నాడు నాతో. ఇద్దరూ మళ్లీ మ్యాట్ ఎక్కారు.